నేను మార్చి చెప్పిన సినిమా

"ఆ సినిమాలో నాయన ఎంతసేపటికి తలుపు తీస్తాడే?" కిటికీ బయట నిలబడి మా అక్క అడిగింది.

"పాట అయిపోయినాంక తీస్తాడక్కా. ఇంగ రోంత సేపు కూసో." కిటికీ లోపల నిలబడి నేను చెప్పాను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ముందు ఇవి రాసుకో పాపా. తక్కినవి వెనకా ముందూ అయినా ఫరవాలేదు, ఇవి మాత్రం మొదట్లోనే పడాలి.

నువ్వు అడిగింది ఇది కాదని నాకు తెలుసు. మీ కాలేజీ పుస్తకంలో వేస్తారంట, ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చిన సినిమాలేవో అడిగి రాసుకుని రమ్మన్నారంట. పెన్ను పట్టుకుని నా మంచం పక్కన కూర్చుని, అవ్వా, నువ్వు సినిమా పిచ్చిదానివి కదా, నీకు నచ్చిన ప్రేమ సినిమాలు అయిదు చెప్పు అంటివి. అయిదేం కర్మ, యాభై చెప్తాను. నాకు చదువు రాదు. సంతకం పెట్టడం మా ఆయన నేర్పించాడు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. కానీ సినిమా విషయంలో ఈ మదనపల్లెలో నాతో వాదానికి దిగి గెలిచిన మనిషి లేదు. ఇప్పుడు కూడా నీ ఫోనులో పెట్టించుకుని మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి చూస్తూనే ఉన్నాను కదా. కాబట్టి ముందు నువ్వు అడిగిందే చెప్తాను.

మొదటిది, రవికెలు కుట్టేవాడి సినిమా. పేరు అడగొద్దు. పేర్లు నేను చదవను, గోడ మీద బొమ్మ చూసి లోపలికి పోయే రకం. అందులో టైలరు ఒక పిల్లను ప్రేమిస్తాడు. మొత్తం సినిమాలో ఒక్కసారి కూడా ఆ పిల్లను ముట్టుకోడు. రవిక కావాలనే వదులుగా కుడతాడు, సరిచేయించుకోవడానికి మళ్లీ వస్తుందని. ఆ పిల్ల తక్కువదా, ఇంట్లో తనే కుట్లు విప్పేసి, చిరిగిపోయింది చూడు నీ పనితనం అని తెచ్చి పడేస్తుంది. ఇంటర్వెల్ దాకా ఇదే. పాట లేదు, వాన లేదు. చూస్తుంటే మనకు చేతులు చల్లబడిపోతాయి. ప్రేమ అంటే అట్లా తీయాలి. ఇప్పటి సినిమాల్లో మొదటి పాటకే మంచు కొండల మీద పొర్లుతారు, ఆ చలికి జ్వరం కూడా రాదు వాళ్లకు.

రెండోది ప్రేమ సినిమా కాదు గానీ రాసుకో. ఇద్దరు అన్నదమ్ములు ఇంటిని పంచుకుని నడుమ గోడ కడతారు. గోడ రావలసిన చోట తల్లి మంచం ఉంటుంది. మంచం ఎటు జరపాలో ఇద్దరూ చెప్పరు. ఆ ముసలామె వేషం వేసిన మనిషి ఎవరో గానీ, ఒక్క చుక్క ఏడవలేదు. మేస్త్రీకి తాడు పట్టుకోవడానికి సాయం చేస్తుంది. ఏడ్చేదంతా మనకు వదిలిపెట్టింది. హాలు మొత్తం ముక్కులు చీదుతోంది, ఆమె మాత్రం తాడు పట్టుకుని నిలబడింది. నటన అంటే అది. ఇప్పుడు తెర మీద వాళ్లే ఏడ్చేస్తారు, మనకేమీ మిగల్చరు.

నాకు పడని సినిమాలూ ఉన్నాయి. ఆఖర్లో చచ్చిపోవలసినవాడు లేచి కూర్చుని, అందరూ వరసగా నిలబడి నవ్వేవి నాకు పడవు. మా ఆయనకు అవే ఇష్టం. టమోటా మార్కెట్టులో మూటలు మోసి మోసి వచ్చేవాడు పాపం, నవ్వుతూ లేచి ఇంటికి పోవాలనేవాడు. పాటల్లో నిద్రపోయి కొట్లాటల్లో ఏడ్చే మనిషి. అందరూ బతికిన సినిమా చూసి వచ్చిన రోజు నేను అన్నం తినను. ఎందుకే అని ముప్పై ఏళ్లు అడిగాడు. తలనొప్పి అని ముప్పై ఏళ్లు చెప్పాను. ఆయన పోయాక అడిగేవాళ్లు లేరు. నువ్వు అడగకపోయినా నీకు చెప్తున్నాను.

మా అక్క సంగతి నీకు తెలియదు. మీ తాతకు, అంటే నా తమ్ముడికి, అప్పుడు రెండేళ్లు. వాడికీ గుర్తు లేదు. మా ఇంట్లో ఆమె పేరు ఎత్తడం మానేశారు, మానేస్తే పేరు కూడా నోటికి కొత్తగా తగులుతుంది. అక్క అనే రాయి. చాలు.

మా ఊరు మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి. అక్కకు పద్దెనిమిది, నాకు పదకొండు. ఇద్దరమూ మదనపల్లెలో పట్టు దారం తీసే షెడ్డులో పని చేసేవాళ్లం. పొద్దున్నే సంగటి ముద్ద, మీద చెనిగవిత్తనాల ఊరిబిండి పచ్చడి, తిని పరిగెత్తేవాళ్లం. షెడ్డులో ఆరు పొయ్యిలు. ఒక్కో పొయ్యి మీద నీళ్లు కాగుతుంటే అందులో పట్టుగూళ్లు వేస్తారు. ఉడికిన గూళ్ల నుంచి పోగులు పట్టి ఒకరు దారం కలుపుతుంటే, ఇంకొకరు రాట్నం తిప్పుతారు. అక్క దారం కలిపేది, నేను తిప్పేదాన్ని. గూటిలో పురుగు ఉడికిన వాసన ఎట్లా చెప్పేది నీకు. నూనెలో ఏదో మాడినట్టు, నీళ్లలో ఏదో కుళ్లినట్టు, రెండూ కలిసి. ఎంత తలంటుకున్నా పోయేది కాదు. బస్సులో మా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు, అందుకని మాకు ఎప్పుడూ సీటు దొరికేది. అక్క వేళ్లు నాని నాని తెల్లబడి, చివర్లు పగిలి ఉండేవి. ఇంటికి వచ్చాక ఆముదం రాసుకుని, సంగటి ఎడమ చేత్తో తినేది. నాయన చూసి కూడా చూడనట్టు ఉండేవాడు.

కష్టమే గానీ నవ్వుకునేవాళ్లం కూడా. పొయ్యి బూడిదలో గెణుసుగడ్డలు కప్పెట్టి, సాయిబు నమాజుకు పోయినప్పుడు తీసుకుని తినేవాళ్లం. షెడ్డు ఆ సాయిబుదే. వచ్చి వాసన పీల్చి, ఈరోజు పురుగులు తియ్యగా ఉడుకుతా ఉండాయే అనేవాడు. ఆయనకు అంతా తెలుసు. కేకలు వేసేవాడు, కానీ ఆయన అరిచేది దారం తెగినప్పుడే. పొయ్యి దగ్గర వేలు కాలిన పిల్లకు తనే సున్నం తెచ్చి పూసేవాడు.

షెడ్డులో ఒక ఆచారం ఉండేది. కథ చెప్పే మనిషి ఒకరు ఉండాలి. చేతులకే పని, చెవులు ఖాళీ. నాకంటే ముందు ఒక పెద్దామె దేవుళ్ల కథలు చెప్పేదంట. ఆమెకు గొంతు పోయాక నన్ను పట్టుకున్నారు. ఎందుకంటే మా మేనమామ పుంగనూరు సినిమా హాలులో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. షెడ్డుకు శుక్రవారం సెలవు. కొత్త సినిమా వచ్చేదీ శుక్రవారమే. పొద్దున్నే బస్సెక్కి, అత్తకు ఇంత కరివేపాకో, నాలుగు వంకాయలో తీసుకుని పోయేదాన్ని. మామ నన్ను నేల మీద ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. అత్త కొంగులో కట్టి ఇచ్చిన బొరుగులు, ఎర్రకారం, ఉల్లిపాయ. ఆ కారం వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు తెర కనిపిస్తుంది. మ్యాట్నీ చూసి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. పెద్ద పిల్లలను మాత్రం సినిమాకు పంపేవాళ్లు కాదు. మా అక్క జన్మలో ఒక్క సినిమా చూడలేదు. చూసిందంతా నా నోట్లోనే.

శనివారం పొద్దున రాట్నం తిరగడంతోనే కథ మొదలు. మూడు గంటల సినిమాను రెండు రోజులు చెప్పేదాన్ని. ఆ పిల్ల కట్టుకున్న చీర రంగు నుంచి, విలను మీసం ఎటు తిరిగి ఉందో అది కూడా. పాట వస్తే పాడేదాన్ని, మాటలు గుర్తులేని చోట రాగం లాగేదాన్ని. రాట్నం వేగం కూడా కథతో పోయేది. గుర్రాలు పరిగెత్తితే దారం కూడా పరిగెత్తేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే ఏడుపు దగ్గర. గూటి పోగు వెంట్రుక కంటే సన్నం. ఎనిమిదో తొమ్మిదో పోగులు కలిపితే ఒక దారం. ఒక పోగు జారిపోతే వెంటనే ఇంకొకటి అందించాలి, లేకపోతే అక్కడ దారం పలచబడి తెగుతుంది. కంటి నిండా నీళ్లుంటే పోగు కనిపించదు. ఒక శనివారం నేను క్షయ రోగంతో చచ్చిపోయే పంతులు కథ చెప్పాను. ఆరు పొయ్యిల దగ్గర ఆరుగురూ ఏడ్చారు, ఆరు దారాలూ తెగాయి. సాయిబు వచ్చి చూసి నా ముందు చేతులు జోడించాడు.

"నీ సినిమావోడు సచ్చిపోతే నా దారం యాల తెగాలమ్మా? ఇంగొకసారి ఇట్లయితే కత లేదు గిత లేదు. మాట్లాడకుండా రాట్నం తిప్పల్ల."

ఆయన పోయాక గొంతు పోయిన పెద్దామె గుసగుసగా నాతో అంది. "సచ్చే కత వొద్దు మే. సావు ఇండ్లల్లో సూస్తానే ఉండాం గదా. బతికేది సెప్పు."

అప్పటి నుంచి నేను మార్చడం మొదలుపెట్టాను. ఆఖర్లో చచ్చినవాళ్లను బతికించేదాన్ని. విడిపోయినవాళ్లను కలిపేదాన్ని. విషం తాగిన పిల్లకు వైద్యుడిని రప్పించేదాన్ని. అబద్ధం అని నాకు అనిపించలేదు పాపా. సంగటిలో ఉప్పు తగ్గితే వేస్తాం చూడు, అట్లా అనుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. దారం తెగడం మానేసింది. ఈ పిల్ల చూసే సినిమాలన్నీ మంచి సినిమాలే అని సాయిబు కూడా అన్నాడు.

వారానికి ఒకసారి కుప్పం వైపు నుంచి ఒకతను గూళ్ల మూటలు తెచ్చేవాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మాటల్లో అరవం కలిసేది. తూకం అయిపోయాక పోకుండా ఖాళీ గోతాల మీద కూర్చుని కథ వినేవాడు. సందేహాలు నన్ను అడిగేవాడు, చూపు అక్క మీద ఉండేది. అక్క తల ఎత్తేది కాదు గానీ ఆ పూట దారం బంగారంలా వచ్చేది. ఆడవాళ్లు ఊరుకుంటారా.

"ఏమప్పా, నువ్వు ఈడ కూసోనుంటే నీ బస్సు ఒంటిగా కుప్పం సేరినట్టుండాది" అనేది పెద్దామె.

"కత ముగిసేది సూసి పోతాను పెద్దమ్మా" అనేవాడు.

"ఏ కత?" అనేది ఆమె. అందరూ నవ్వేవాళ్లు. అక్క చెవులు ఎర్రబడేవి.

వాళ్ల కులం వేరు. మా నాయన ఊళ్లో పంచాయితీలకు కూర్చునే మనిషి, మాట పడని మనిషి. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు, అందుకే నవ్వు తొందరగా ఆగిపోయేది.

ఆ సినిమా అప్పుడు వచ్చింది. ఊరి పెద్ద కూతురు టపా తెచ్చేవాడిని ప్రేమించి లేచిపోతుంది. ఏడాది తర్వాత చంటిబిడ్డను ఎత్తుకుని పుట్టింటికి వస్తుంది. నాయన తలుపు వేసేస్తాడు. ఆ పిల్ల గడప ముందు ఎండలో కూర్చుని బిడ్డకు జోల పాడుతుంది. నిజానికి అది బిడ్డకు కాదు, లోపల ఉన్న నాయనకు పాడుతోంది. చిన్నప్పుడు ఆయనే పాడిన జోల అది. లోపల ఆయన స్తంభం పట్టుకుని నిలబడి ఉంటాడు, గొళ్లెం మీదికి చెయ్యి పోతుంది, వెనక్కి వస్తుంది. హాలులో మగవాళ్లు కూడా, తియ్యప్పా, తియ్యి అని కేకలు వేశారు. పొద్దు వాలాక తీస్తాడు. అప్పటికి ఆ పిల్ల ప్రాణం పోయి ఉంటుంది, బిడ్డ ఒక్కటే ఏడుస్తూ ఉంటుంది.

నన్ను అడిగితే అంతకంటే గొప్ప సినిమా రాలేదు. ఇంత జరిగాక కూడా అదే చెప్తాను, నువ్వు అడిగిన అయిదింటిలో అది మొదట వేసుకో. ఆ పిల్ల పెదవులు ఎండిపోయి పాట మధ్యలో ఒకచోట మింగుతుంది చూడు, అది ఎవరూ చెప్పించింది కాదు. ఆ నాయనను రాక్షసుడిలా చూపించలేదు. ఆలస్యం చేసిన మనిషిలా చూపించారు. ఆ సినిమా అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను.

శనివారం, ఆదివారం చెప్పాను. గడప ముందు జోలపాట దగ్గరికి వచ్చేసరికి ఆరుగురి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కుప్పం అతను గోతాల మీద ఉన్నాడు. అక్క చేతులు నిలిచిపోయాయి. వాకిట్లో సాయిబు చెప్పుల చప్పుడు వినిపించింది. నేను గబగబా చెప్పేశాను, పాట అయిపోతానే నాయన తలుపు తీసి, బిడ్డను ఎత్తుకుని, కూతురిని లోపలికి రమ్మన్నాడని. పెద్దామె కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ, తండ్రంటే తండ్రే అంది. ఒక్క దారం తెగలేదు.

ఆ రోజు బస్సులో అక్క నన్ను అడిగింది, నిజంగా తీస్తాడా అని. అంతకుముందు ఎప్పుడూ ఏ కథకూ అట్లా అడగలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, తీస్తాడు, ముద్దు కూడా పెట్టుకుంటాడు అన్నాను. ముద్దు అప్పటికప్పుడు కలిపాను.

నెల తిరగకముందే అక్క కుప్పం అతనితో వెళ్లిపోయింది. నాయన కేక వేయలేదు. పొద్దున్నే లేచి వాకిట్లో కొత్త కుండ ఒకటి పగలగొట్టి, బావి దగ్గర తలస్నానం చేసి వచ్చాడు. మాకు ముగ్గురు పిల్లలు కాదు, ఇద్దరే అన్నాడు. ఊళ్లో కూడా అదే చెప్పాడు. పంచాయితీలో ఇతరుల కూతుళ్లకు తను చెప్పిన తీర్పే తన కూతురికీ వేశానని చెప్పుకున్నాడు. నన్ను షెడ్డు మాన్పించారు. అమ్మ మాట్లాడటం తగ్గించింది.

ఏడో నెల కడుపుతో అక్క వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, అది మా వైపు అందరూ పట్టే మాట. ఎండాకాలం. పొద్దున బస్సు దిగి ఆ రెండు మైళ్లూ నడిచి వచ్చింది. ఆకుపచ్చ చీర, చేతి నిండా గాజులు, సంచిలో ఇంత బెల్లం, చింతపండు. ముఖం వాచి ఉంది, కానీ నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు చూస్తే తెలిసిపోతుంది, ఆమె భయపడుతూ రాలేదు. తెలిసిన కథలోకి వచ్చింది.

నాయన వీధి మలుపులోనే చూశాడు. లోపలికి వచ్చి తలుపు వేసి గొళ్లెం పెట్టాడు. అమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, కాన్పు మటుకు కానీ, అయినాంక నేనే పంపించేస్తాను అంది.

"గడప దాటినోళ్లు, దానికి గుక్కెడు నీళ్లు ఇచ్చినోళ్లు నా సావు సూస్తారు" అన్నాడు నాయన. గట్టిగా కూడా అనలేదు.

అక్క తలుపు తట్టలేదు. ఆ సినిమాలో పిల్ల కూడా తట్టదు, నేనే చెప్పాను. అరుగు మీద ఎండ పడుతోంది. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు, నాయన మాట ఊరి మాట కదా. చాలాసేపు కూర్చుని, లేచి వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది. అప్పుడే ఆ రెండు మాటలూ నడిచాయి. నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. నాయన మాట వినగానే ముంచి పట్టుకున్నాను, ఎందుకు ముంచానో నాకే తెలియదు. కిటికీ ఊచల మధ్య చెంబు పట్టలేదు. ఒకసారి పెట్టి చూశాను. తగిలి చప్పుడు అవుతుందని వెనక్కి తీసుకున్నాను. గలాసు అయితే పట్టేది. గలాసులు నా తల మీద గూట్లోనే ఉన్నాయి. అది నాకు తోచలేదు. తర్వాత తోచింది. ఇప్పటికీ తోస్తూనే ఉంది.

అక్క పోయి మళ్లీ అరుగు మీద కూర్చుంది. కూర్చుని పాడింది. నేను షెడ్డులో పాడిన జోలే, మాటలు మరిచిపోయిన చోట నేను లాగిన రాగంతో సహా. చిన్నగా పాడింది, పొట్ట మీద చెయ్యి వేసుకుని. లోపల నాయన స్తంభం పట్టుకోలేదు. చాప మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. పాట అయిపోయింది. ఆయన చేతులు ఆగలేదు. అక్క కొంచెం సేపు చూసి మొదటి నుంచి మళ్లీ పాడింది. రెండోసారి గొంతు ఎండిపోయి మధ్యలో ఆగి, మింగి, పాడింది. నేను చెవులు మూసుకున్నాను. తెరిచేసరికి పాట లేదు. నాకు కిటికీ దగ్గరికి పోయి, అక్కా, నేను మార్చి చెప్పాను, ఆ నాయన తీయడు, నువ్వు కుప్పం పో అని చెప్పాలనిపించింది. చెప్తే షెడ్డులో అందరికీ తెలుస్తుందని భయపడ్డాను. ఏం భయమో చూడు. నేను అప్పుడు షెడ్డులో కూడా లేను.

ఆవులు తిరిగి వచ్చే వేళకు నాయన లేచాడు. పలుపుతాడు పక్కన పెట్టి, గొళ్లెం తీసి, తలుపు రెండు రెక్కలూ తెరిచాడు. ఎవరూ చెప్పలేదు, తనే తెరిచాడు. అరుగు మీద సంచి ఒక్కటే ఉంది.

"యా పక్క పొయ్యింది?" అన్నాడు.

ఆయన కర్ర తీసుకుని దారి మలుపు దాకా పోయి వచ్చాడు. బస్సు అందుకుని ఉంటుందిలే అన్నాడు, ఎవరూ అడగకుండానే.

బస్సు రోడ్డుకు పోయే దారిలో టమోటా తోట పక్కన దిగుడుబావి ఉంది. మర్నాడు పొద్దున తోటకు నీళ్లు కట్టే మనిషి చూసి వచ్చి చెప్పాడు. మెట్ల మీద చెప్పులు పక్కపక్కన విడిచి ఉన్నాయంట. దప్పికకు దిగే మనిషీ చెప్పులు విడుస్తుంది, చావడానికి దిగే మనిషీ విడుస్తుంది. కాలు జారిందన్నారు ఊళ్లో. అది ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

కుప్పం నుంచి అతను వచ్చాడు. మా గడప దగ్గరికి రాలేదు, బావి దగ్గరే ఉన్నాడు. మా నాయన అంత దూరంలో నిలబడ్డాడు. అతను ఎవరినీ తిట్టలేదు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"నేను వొద్దంటిని పాపా. నా సెల్లెలు సూసొచ్చి సెప్పింది గదా, పాట అయిపోతానే తీస్తాడని, అనె. నేనూ వింటిని గదా ఆ కత. నిజంగా తీస్తాడా, ఆ సినిమాలో?"

అక్క శవం అక్కడ చాప కింద ఉంది. నేను అతని ముఖం చూసి, "తీస్తాడు" అన్నాను.

అతను తల ఊపాడు. బండి మీద ఆమెను తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ నేను అతన్ని చూడలేదు.

ఆ తర్వాత షెడ్డుకు మళ్లీ పంపారు, ఇంట్లో జరుగుబాటు లేక. రాట్నం తిప్పాను, కథ చెప్పలేదు. సినిమాలు చూడటం మాత్రం మానలేదు. అది సిగ్గుమాలినతనం అనుకుంటే అనుకో. పెళ్లయ్యాక మా ఆయనతో మదనపల్లెలో ఆడిన ప్రతి సినిమా చూశాను. కానీ ఆఖరు ఏమిటని ఎవరు అడిగినా, పోయి చూసుకోండి అనేదాన్ని. పిల్లలు పుట్టలేదు, పుట్టి ఉంటే వాళ్లకు కథలు ఎట్లా చెప్పేదాన్నో.

ఇంకొకటి ఉంది. ఇది కూడా రాయి. నాయన మంచాన పడ్డప్పుడు నేనే చూసుకున్నాను. మాట పడిపోయే ముందు ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. బావి దగ్గర కుప్పం అతను నాతో అన్నది అంత దూరం నుంచి ఆయన విన్నాడు, అన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాడు.

"ఆ కతలో వాడు తలుపు తీసినాడా మే?" అన్నాడు.

నిజం చెప్పి ఉంటే ఆయనకు కొంచెం ఊపిరి ఆడేది. తీసినాడు నాయనా, నీలాగే పొద్దు వాలినాంక తీసినాడు, అప్పటికే పోయి ఉండింది అని చెప్తే, లోకంలో తను ఒక్కడే కాదనుకునేవాడు. నాకు అది తెలుసు.

"తీసినాడు. పాట అయిపోతానే తీసినాడు. బిడ్డను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్యాడు" అన్నాను.

నాయన గోడ వైపు తిరిగాడు. ఆ పూట గంజి తాగలేదు. మంచి ముగింపు చెప్పి కూడా మనిషిని కొట్టవచ్చు పాపా. అది నేను చేశాను. ఆయన మీద కోపంతో చేశానా, నా తప్పు ఒప్పుకోలేక చేశానా, ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. నిజమా అని అడిగిన ముగ్గురికి చెప్పాను ఆ అబద్ధం, ముగ్గురూ నమ్మి పోయారు. నిజం మొదటిసారి నీకే చెప్పడం.

ఎందుకు కళ్లు తుడుచుకుంటున్నావు? నేను చెప్తున్నప్పుడు రెండు మూడు చోట్ల నీ పెన్ను ఆగింది, నేను చూశాను. గలాసు దగ్గర ఆగింది. నాయనకు చెప్పిన మాట దగ్గర ఆగింది. అవ్వను మరీ ఇంత చెడ్డగా రాయకూడదని నీకు అనిపించి ఉంటుంది. నువ్వు మంచిదానివి, అందుకే నాకు భయం. నేనైతే చదువుకోలేను, నువ్వు ఏం రాశావో నాకు తెలిసే దారి ఒక్కటే ఉంది. కాగితాలు ఇట్లా దగ్గరికి పట్టుకుని, మొదటి నుంచి చదివి వినిపించమ్మా. నేను చెప్పనిది ఎక్కడ వినిపించినా ఆపుతాను.